పెద్ద కుర్చీ కింద మజీద్ భాయ్

అబ్దుల్ మజీద్‌కి కోపం తప్ప ఇంకో భాష రాదు. పలకరింపు కూడా ఆ భాషలోనే. "సలామ్!" అని ఆయన అరిస్తే ఎదుటివాడు తాను చేసిన తప్పేమిటో గుర్తు చేసుకుంటూ రెండడుగులు వెనక్కి వేస్తాడు. నరసరావుపేటలో ఆయన వెల్డింగ్ షాపు పక్కనే టీకొట్టు నడిపే బ్రహ్మయ్యకి మాత్రం ఆ అరుపులు వినబడకపోతే పొద్దు గడవదు.

షాపు ముందు రోడ్డు వారన తాటిచెట్టుకి పోటీగా ఒక ఇనప కుర్చీ ఉంది. అప్పుడెప్పుడో ఒక నాయకుడు, గెలిచాక ట్రాక్టరు మీద ఎక్కించుకుని ఊరేగుదామని, పోలింగు కాకముందే దాన్ని మజీద్ చేత చేయించాడు. డిపాజిట్టు కూడా దక్కలేదు. ఆ మనిషి మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. కండక్టర్లు "పెద్ద కుర్చీ, పెద్ద కుర్చీ" అని కేకలేసి జనాన్ని దింపడం మొదలుపెట్టారు. కొత్తగా పెళ్లయినవాళ్లు దాని కాళ్ల మధ్య నిలబడి ఫోటోలు దిగేవారు. మజీద్‌కి ఒళ్లు మండిపోయేది.

"భాయ్, పెద్ద కుర్చీ ఎక్కడ?" సరిగ్గా కుర్చీ నీడలోనే నిలబడి ఫోన్‌లో చూసుకుంటూ అడిగేవాడు ఎవడో ఒకడు.

"నీ నెత్తి మీద ఉంది! తలకాయెత్తి చూడు! దేవుడు మెడ ఇచ్చింది ఫోన్లోకి వంచటానికేనా?"

"కోప్పడతావేంది భాయ్?"

"నేనెక్కడ కోప్పడ్డా? నా మామూలు గొంతే ఇది!"

సంచులు పట్టుకున్న పల్లెటూరివాళ్లు ఏమన్నా అడిగితే మరీ ఘోరం. పని మధ్యలో వదిలేసి, అరుచుకుంటూ వాళ్లతోపాటు పక్కసందులోకి పోయేవాడు. మలుపు తిరిగాక ఏం జరిగేదో పొయ్యి దగ్గరున్న బ్రహ్మయ్యకి కనిపించేది కాదు. పాపం, ఊరు దాటిందాకా తరుముతున్నాడు కామోసు అనుకునేవాడు.

ఒక్క సన్మానం జరిగితే ఈ మనిషి చల్లబడతాడని బ్రహ్మయ్య ఆశ. టీకి వచ్చే మునిసిపాలిటీ వాళ్ల చెవిలో జోరీగలా పోరి, కుర్చీని ఊరి అవతలి కొత్త పార్కుకి మార్చేలా, రంగులేసి, లైట్లు పెట్టి, మజీద్ పేరుతో శిలాఫలకం వేసేలా ఒప్పించాడు.

క్రేను వచ్చిన పొద్దున మజీద్ నిచ్చెన వేసుకుని కుర్చీ ఎక్కి కూర్చున్నాడు.

"దిగు భాయ్! నీ పేరు రాయి మీద చెక్కిస్తన్నారు!" బ్రహ్మయ్య కిందనుంచి బతిమాలాడు.

"రాయి మీద పేరు చచ్చినోడికి చెక్కుతారు! నేను చచ్చానా? ఈ పని చేయించింది నువ్వేనంటగా! పక్కనే ఉండి నా కొంప ముంచావు గదరా!"

"ఈయనతో కలిపి ఎత్తమంటారా మేడమ్?" అన్నాడు క్రేను డ్రైవరు.

మునిసిపల్ ఇంజినీరు యశస్విని ఓపిక చిక్కబట్టుకుంది. "మజీద్ గారూ, కుర్చీకి ఏం కాదు. మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి."

"చెప్పను! చెబితే అర్థం చేసుకునేవాళ్లయితే క్రేను ఎందుకు తెస్తారు?"

బ్రహ్మయ్యకీ మండింది. తాను కాళ్లావేళ్లా పడి తెచ్చిన గౌరవాన్ని ఇలా కాలదన్నుతాడా? "ఎత్తెయ్యండి మేడమ్! ఈ మొండోడికి మంచి చేయబోవటం నాదే తప్పు!"

అప్పుడే మాచర్ల వైపునుంచి బస్సు వచ్చి ఆగింది. చంకలో మూలుగుతున్న మనవరాలితో, చేతిలో సంచితో ఒక ముసలమ్మ దిగింది. కుర్చీని పైనుంచి కిందికి చూసి బ్రహ్మయ్యని అడిగింది.

"కుర్చీ ఇదే. తిట్టే సాయిబు ఏడయ్యా?"

"ఏ ఊరమ్మా మీది?"

"వెల్దుర్తి. నా పేరు మహాలక్ష్మమ్మ. బోర్డులు చదవటం రాదు నాయనా. పిల్లల ఆసుపత్రికి పోవాలంటే మా ఊళ్లో ఒకటే చెబుతారు. పెద్ద కుర్చీ కాడ దిగు, ఒక సాయిబు తిడతాడు, బయపడబాక, తిట్టుకుంటానే సంచి మోసకపోయి డాక్టరు కాడ కూచోబెట్టి వస్తాడు అని."

బ్రహ్మయ్య తలెత్తి కుర్చీ మీదికి చూశాడు. పైనుంచి కేక వచ్చింది.

"పసిదాన్ని ఎండలో పెట్టుకుని కబుర్లేంది? నీడలోకి రామ్మా ముందు! చూశారా మేడమ్? గుర్తు తీసకపోయి పార్కులో పెడితే వీళ్లంతా పార్కు కాడ దిగుతారు. జొరమొచ్చిన పిల్లల్నేసుకుని అక్కడ మీ లైట్లు చూస్తా కూచోవాలా?"

"ఇన్నేళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేందయ్యా!" అని బ్రహ్మయ్య గొంతు చించుకున్నాడు. ఆయనకి సిగ్గేసింది, ఆ సిగ్గుకి ఇంకా కోపమొచ్చింది. "తరుముతున్నావనుకున్నా గదా నేను!"

"చెబితే ఊరంతా చాటుతావు! మంచోడన్న పేరొస్తే ఇక నా మాట ఎవడు ఇంటాడు?"

యశస్విని పక్కకి వెళ్లి ఆఫీసుకి ఫోన్ చేసింది. "కుర్చీ తేవడం కుదరదు సార్. వాడకంలో ఉంది... వెల్దుర్తి వాళ్లు వాడుకుంటున్నారు సార్."

అంతా సర్దుకుంది, మజీద్ దిగడం తప్ప. ఎక్కేటప్పుడు కోపం ఎక్కించింది. ఇప్పుడు కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. చివరికి నడుముకి బెల్టు కట్టి క్రేనుతోనే దించారు.

"మెల్లగా దించరా! నేనేమన్నా సిమెంటు బస్తానా?" అంటూ ఆయన గాలిలో గిరగిరా తిరుగుతుంటే, మూలుగుతున్న పిల్ల కిసుక్కున నవ్వింది.

కాళ్లు నేలకి ఆనగానే మజీద్ మహాలక్ష్మమ్మ చేతిలో సంచి లాక్కున్నాడు.

"నవ్వింది చాల్లే! నడవండి, డాక్టరు వెళ్లిపోతాడు!"