పరదా హోటల్లో మా వాయిదాలు

ఆ రోజుల్లో అమలాపురంలో మర్యాదగల ఇళ్ళ ఆడవాళ్ళు హోటల్లో తినేవాళ్ళు కాదు. హోటల్లో ఓ మూల కట్టిన పరదా వెనక తినేవాళ్ళు. రెండూ ఒకటే కదా అనేవాళ్ళు మా నాన్నగారిని ఎరగనివాళ్ళు. ఇప్పుడు మా ఇంట్లో నలుగురు చేరితే చాలు, మూతబడిన హోటళ్ళ ప్రస్తావన వస్తుంది. గడియార స్తంభం దగ్గర పూరీల హోటలు ముందు పోయిందా, బస్టాండు పక్కన మినపట్ల హోటలు ముందు పోయిందా అని వాదించుకుంటారు. (పూరీల హోటలే ముందు. మినపట్ల హోటలు ఆ మరుసటి వేసవి దాకా ఉంది. ఆసుపత్రి ఎదుటి భోజన హోటలు అసలు మూతబడలేదు. యజమాని కొడుకు దాన్ని చెప్పుల దుకాణంగా మార్చాడు. దాన్ని ఈ వరసలో కలపకూడదు.) నేనిలా సరిదిద్దుతుంటే మా తమ్ముడు, "అక్కయ్యా, వాటికి తద్దినాలు కూడా పెడతావేంటి?" అంటాడు. పెట్టవలసి వస్తే ఒక్కదానికే పెడతాను. దానికి బోర్డు మీద ఏదో పేరుండేది గాని ఎవరూ చదివేవారు కాదు. ఊరంతా పరదా హోటలనే అనేవారు.

మాది మామిడికుదురు. నాకు అమలాపురంలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి పాశర్లపూడి రేవుకి వెళ్ళి, పంటు మీద గోదావరి పాయ దాటి, అవతల మళ్ళీ బస్సెక్కాలి. (ఇప్పుడు వంతెన ఉంది. అప్పుడు పంటువాడి దయ.) మా వీధిలో ఊరు దాటి ఉద్యోగానికి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. ఎన్నాళ్ళో బతిమాలితే నాన్నగారు ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ ఒకటే షరతు పెట్టారు.

"హోటల్ గడప తొక్కేవని తెలిసిందా, ఆ రోజుతో ఉద్యోగం సరి. ఎప్పుడు రుబ్బిన పిండో, ఎన్నిసార్లు కాగిన నూనో! నేనిన్నేళ్ళుగా కోర్టు వాయిదాలకి అమలాపురం వెళ్తన్నాను, ఏనాడైనా బయట గుక్కెడు మంచినీళ్ళు ముట్టేనా?"

"ఆయ్, ముట్టలేదండీ," అంది అమ్మ, పక్కనుండి చూసినట్టు.

ఆ వాయిదాల సంగతి చెప్పాలి. మా తోటకీ పక్క తోటకీ మధ్య గట్టు మీద రెండు కొబ్బరిచెట్లు ఉండేవి. అవి ఎవరివన్నది కేసు. నేను హైస్కూల్లో ఉండగా మొదలైంది. చెట్లకు కాపు తగ్గింది గాని కేసు మాత్రం పచ్చగానే ఉంది. వాయిదా పడిందని ఇంటికి వచ్చి చెప్పేటప్పుడు నాన్నగారి ముఖంలో ఇసుమంత విచారమైనా కనిపించేది కాదు. ఆయన నిబ్బరానికి ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయేవాళ్ళం.

షరతును నేను మొదటి జీతం దాకా పాటించాను. ఆ సాయంత్రం మా ఆఫీసులో పెద్ద టైపిస్టుగారు నన్ను పరదా హోటలుకి లాక్కెళ్ళారు. నేను భయపడుతుంటే ఆవిడ, "పరదా వెనక తింటే హోటల్లో తిన్నట్టు కాదమ్మాయ్. నన్ను చూడు, సర్వీసంతా అయిపోవచ్చింది, ఒక్కసారైనా హోటల్లో తిన్నానా?" అన్నారు. వాదన బలంగా ఉంది. ఆ రోజు నుంచి నేను కూడా హోటల్లో తినకుండా వారానికోసారి పరదా వెనక తినసాగాను.

అక్కడ వడ్డించే ఆయన్ని అందరూ మైకు బాబాయి అనేవారు. హాలు మధ్య నిలబడి, ఎవరికేం కావాలో వంటింట్లోకి కేకవేయడం ఆయన పద్ధతి. ఆ కేక బజారు దాకా వినిపించేది. నాకు పెసరట్టు సన్నగా ఉండాలి, ఉల్లిపాయ ఉండకూడదు, జీలకర్ర పిండిలో కలపాలి గాని పైన చల్లకూడదు, ఉప్మా పక్కన పెట్టాలి గాని లోపల చుట్టకూడదు. ఇంట్లో నాకలాగే అలవాటు. (ఎక్కువేమీ అడగలేదనే ఇప్పటికీ నా అభిప్రాయం.) మైకు బాబాయి ఒక్క ముక్క వదలకుండా అంతా కేకవేసేవాడు.

ఒకరోజు పెద్ద టైపిస్టుగారు సెలవు. నేనొక్కదాన్నే పరదా వెనక కూర్చున్నాను. నా పెసరట్టు సంగతి విని మైకు బాబాయి హాల్లోకి వెళ్ళాడో లేదో, ఒక గొంతు వినిపించింది.

"ఏవోయ్ మైకూ, మామూలే!"

"ఆయ్, చిత్తమండీ! వాయిదా ఏమైందండీ?"

"పడింది."

"చాలా సంతోషమండీ! కోర్టు బాబుగారికి సాంబారు గారె! గారె మునగాలి!"

ఆ కేసు అన్నేళ్ళు ఎందుకు నడుస్తోందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. మంచినీళ్ళ గ్లాసు చేతిలో ఉంది. దాన్ని చప్పుడు కాకుండా కింద పెడదామనుకునే లోపలే రెండో కేక వినిపించింది.

"ఫ్యామిలీ రూములో అమ్మాయిగారికి పెసరట్టు సన్నగా! ఉల్లి లేదు! జీలకర్ర పిండిలో, పైన చల్లితే ఒప్పుకోరు! ఉప్మా పక్కన!"

హాల్లో స్పూను చప్పుడు ఆగిపోయింది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. రేపటి నుంచి ఇంట్లో కూర్చోవాలి. టైపు మిషను మీద కవరు కప్పకుండా వచ్చానని కూడా గుర్తొచ్చింది. పరదా కదులుతుందేమోనని చూస్తున్నాను. కదల్లేదు. ఒక దగ్గు వినిపించింది.

"ఏవోయ్, ఆ లోపలికి పంపే పెసరట్టుకి అల్లప్పచ్చడి తగ్గించి వెయ్యి. కొందరికి పడదు."

"ఎవరికండీ?"

"కొందరికి."

హోటల్లో ఆ పచ్చడి ముట్టకుండా వదిలేసేదాన్నే గాని ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు అల్లం పడదని లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు ఆ సమయానికి మామిడికుదురులో ఉన్నారు. పెసరట్టు వచ్చింది, తినసాగాను. అంతలో హాల్లో, "కాఫీ, పంచదార దండిగా," అని వినిపించింది. డాక్టరు పంచదార మానమని చెప్పి అప్పటికి ఏడాది దాటింది. భయం భయమే, డాక్టరు మాట డాక్టరు మాటే. మైకు బాబాయి గ్లాసు తీయడానికి లోపలికి రాగానే, "బాబాయిగారూ, బయట కాఫీలో పంచదార వేయకండి. కొందరికి డాక్టరుగారు వద్దన్నారు," అన్నాను, కాస్త గట్టిగానే.

"ఎవరికండీ?"

"కొందరికి."

"ఈవేళ కొందరి బేరం ఎక్కువగా ఉందండీ," అని ఆయన వెళ్ళిపోయాడు. కాసేపటికి హాల్లోంచి, చప్పటి కాఫీ తాగిన మనిషి నిట్టూర్పు వినిపించింది.

పంటు మీద ఇద్దరం కలుసుకున్నాం.

"ఆఫీసు నుంచి తిన్నగా వస్తన్నావా అమ్మా?" అన్నారు నాన్నగారు.

"తిన్నగానే నాన్నగారూ. మీరు కోర్టు నుంచి తిన్నగానేనా?"

"ఆయ్, తిన్నగానే," అని ఆయన నీళ్ళకేసి చూశారు.

ఇంటికెళ్ళాక అన్నాలు కెలుకుతుంటే అమ్మ, "తండ్రికీ కూతురికీ ఒక్కరోజే ఆకలి చచ్చిందేంటో!" అంది. నాన్నగారు, "ఎండదెబ్బ," అన్నారు. అది కార్తీకమాసం.

తరవాత వాయిదా ఎప్పుడో నాకు చెప్పవలసిన అవసరం లేకపోయినా, నాన్నగారు భోజనాల దగ్గర గోడతో చెప్పినట్టు చెప్పేవారు. ఆ రోజు నేను పరదాకి ఇటు, ఆయన అటు. గారె సరిగ్గా మునగలేదని ఆయన గొణిగితే నేను లోపలి నుంచి చెప్పించేదాన్ని. నా ఉప్మా చల్లారిందని నేనంటే ఆయన బయటి నుంచి కోప్పడేవారు. ఆ పరదా ఏనాడూ మేం తొలగించలేదు, ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. షరతు మాత్రం చివరిదాకా అమల్లోనే ఉంది.

యజమాని మోకాళ్ళు అరిగిపోయి హోటలు మూసేశాడు. ఆ తరవాత వచ్చిన మొదటి వాయిదాకే నాన్నగారు రాజీ పడిపోయి, రెండు చెట్లూ పక్క తోటవాళ్ళకే వదిలేశారు. వాళ్ళు బిత్తరపోయారు. అమ్మ అదంతా వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్న ఫలితమే అనుకుని వెళ్ళి మొక్కు తీర్చుకుంది. మేమిద్దరం కాదనలేదు.

మొన్నామధ్య తమ్ముడు నన్ను కొత్తగా పెట్టిన ఏసీ హోటలుకి తీసుకెళ్ళాడు. పరదాల్లేవు, అందరూ హాల్లోనే కూర్చున్నారు. ఒకమ్మాయి నా పెసరట్టు షరతులన్నీ ఓపిగ్గా విని ఫోనులో నొక్కుకుంది. "కేకవెయ్యవా అమ్మా?" అన్నాను. "అక్కర్లేదండీ, కిచెన్లోకి అదే వెళ్ళిపోద్దండీ," అంది. అలాగే వచ్చింది: సన్నగా, ఉల్లి లేకుండా, జీలకర్ర పిండిలోనే, ఉప్మా పక్కన. వంక పెట్టడానికేమీ లేదు. పక్కనే గిన్నె నిండా అల్లప్పచ్చడి. అది చెప్పడం మరిచిపోయాను. మరిచిపోయాననడం కూడా సరికాదు. ఆ మాట హోటల్లో నేనెప్పుడూ చెప్పవలసి రాలేదు.

"పచ్చడి ముట్టుకోలేదేంటండీ, బాలేదా?" అంది ఆ అమ్మాయి.

"కొందరికి పడదమ్మా."

"ఎవరికండీ?"

అలవాటు చొప్పున, ఒక దగ్గు కోసం కాసేపు చెవొగ్గాను.

"నాకేనమ్మా," అన్నాను.