చప్పుడు లేని కారు

ఈరోజు మా బావ కొత్త హైబ్రిడ్ కారులో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బయలుదేరాం. వెనకాలే ఆయన స్నేహితుడు ఇంకో కంపెనీ హైబ్రిడ్‌లో. ఎవరిది మైలేజీ ఎక్కువో, ఎవరిది పికప్ ఎక్కువో తేలాలట.

దారిలో రోడ్డు మీద ఆరబోసిన కొర్రల్ని ఒక అవ్వ అటు తిరిగి కాళ్లతో కలుపుతోంది. పెట్రోలు మిగలాలని బావ బ్యాటరీ మీదే నడుపుతున్నాడు, చూపంతా మీటరు మీదే. కారు తగిలి అవ్వ కాలు విరిగింది.

ఆసుపత్రికి తీసుకుపోతుంటే, "సప్పుడన్నా సేసుకుంటా రాగూడదా నాయనా? సెవులతోనే కదా మేము బండ్లను సూసేది" అంది అవ్వ.

"బ్యాటరీ మీద పోతాంటే సప్పుడు రాదవ్వా" అన్నాడు బావ, కొంచెం గొప్పగానే.

ఆమెను స్ట్రెచర్ మీదకు మార్చగానే స్నేహితుడు "మైలేజీ ఎంతొచ్చిందప్పా?" అని అడిగాడు. బావ మీటరు చూసి చెప్పాడు.

రెండు కార్లలో ఏది మేలో మీరే తేల్చండి. నేను మాత్రం గడగడా మోత చేసే బస్సెక్కి ఇంటికొచ్చాను.