థర్మామీటరు కరిచిన రేడియో

ఆడవాళ్ళ వార్డు పెద్ద సిస్టరుకు రేడియో అని పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్ళు మాత్రం అసలు రేడియోకు అన్యాయం చేశారు. దానికి కట్టేసే మీట ఒకటుంటుంది.

చిన్నప్పుడు బడిలో ఆమె నోరు మూయించాలని పంతులమ్మ ఆమెను క్లాసులోకెల్లా నోరు విప్పని పిల్ల పక్కన కూర్చోబెట్టింది. వారం తిరిగేసరికి ఆ పిల్ల కూడా గోడ అవతలికి వినబడేలా మాట్లాడసాగింది. పెద్దయ్యాక దర్జీ మొగుడు దొరికాడు. అతని పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి కనుక జవాబు చెప్పే పనిలేదు. కాపురం చల్లగా సాగిపోయింది.

నిజానికి ఆ నోరు వార్డుకు సగం మందు. ఇంజెక్షను చూసి బిగుసుకుపోయే పేషెంటు దగ్గర ఆమె తన ఆడపడుచు గొడవ ఎత్తుకునేది. కథలో ఆడపడుచు ధడేల్మని తలుపేసేసరికి సూది దిగి, బయటికి కూడా వచ్చేసేది. "ఆ తర్వాతేమైంది సిస్టరమ్మా?" అన్నవాళ్ళే కానీ "అబ్బా" అన్నవాళ్ళు లేరు.

ఒకరోజు ఉదయం ఆ ఆడపడుచే కొంప ముంచింది.

కొత్తగా చేరిన చిన్న సిస్టరు మందుల బండి తోసుకుంటూ మాత్రలు పంచుతోంది. రేడియో పక్కనే నడుస్తూ కథ చెబుతోంది. కథ మంచి పట్టులో ఉంది. చిన్న సిస్టరు కళ్ళు పెద్దవి చేసుకుని వింటూ, కిటికీ పక్క ముసలమ్మ చేతిలో పక్క మంచం ఆమె మాత్ర పెట్టేసింది.

ముసలమ్మ నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది. "నాది గులాబీరంగు బుల్లి మాత్ర కదే తల్లీ? ఇదేంటి, గుర్రాలకు వేసేదానిలా ఉంది?"

నోట్లో పడలేదు కనుక గండం గడిచింది. కానీ సంగతి సూపరింటెండెంటు చెవిన పడింది. ఆ ఆస్పత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ తప్పయినా పైనుంచి జారుతూ జారుతూ వచ్చి, ఇక జారడానికి చోటులేని మనిషి నెత్తిన కూర్చుంటుంది. ఈసారి ఆ నెత్తి చిన్న సిస్టరుది.

"ఆ అమ్మాయిని పంపించేద్దాం. పీడా పోతుంది," అన్నాడాయన.

చిన్న సిస్టరు తలుపు పక్కన నిలబడి ముక్కు తుడుచుకుంటోంది. రేడియో ఒకసారి అటు చూసి, ఇటు తిరిగింది.

"సార్, చెయ్యి ఆ పిల్లది. నోరు నాది. దాన్ని పంపిస్తే రేపు ఇంకో పిల్ల వస్తుంది. దానికీ నేను ఇదే కథ చెబుతాను. అప్పుడెవర్ని పంపిస్తారు?"

సూపరింటెండెంటు ఆమెకేసి వేలు చూపించాడు. "సరే. ఈ నెలాఖరుదాకా మందులిచ్చే వేళ మీ వార్డులో ఎవరి మాటా వినబడకూడదు. వినబడిందో, ఆ అమ్మాయి వెళ్ళాల్సిందే."

విన్నవాళ్ళందరూ ఆ పిల్ల మీద అప్పుడే ఆశ వదిలేసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో రేడియో గోడు వెళ్ళబోసుకుంది. "ఏమండీ, పలకరిస్తే పలక్కుండా ఎలా ఉండటమండీ?"

దర్జీ తన పెదాల మధ్యనున్న సూదులను వేలితో చూపించాడు. తర్వాత, మిగిలిపోయిన చిలకపచ్చ గుడ్డ తీసి, ముందు కట్టుకునే ఏప్రన్ ఒకటి కుట్టి ఇచ్చాడు.

మర్నాటినుంచి కొత్త చట్టం వచ్చింది. పచ్చ ఏప్రన్ కట్టుకుని మందులిచ్చే మనిషిని ఎవరూ పలకరించకూడదు. పలకరించినవాళ్ళను ఎవరైనా "ష్" అనొచ్చు. చిన్నా పెద్దా తేడా లేదు. పేషెంట్లకు ఇది మహా సరదాగా ఉంది. కిటికీ పక్క ముసలమ్మయితే ఎవరు దొరుకుతారా అని కాచుకుని కూర్చునేది. రౌండ్సుకొచ్చిన డాక్టరును రెండుసార్లు "ష్" అంది. రెండోసారి ఆయన నోరు తెరవనే లేదు, ఆవులించబోయాడంతే.

రేడియో అవస్థే చూడలేం. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, మందుల వేళ తన సొంత థర్మామీటరు నాలుక కింద పెట్టుకుని, బుగ్గలు పూరించుకుని తిరిగేది.

నెలాఖరు వస్తుందనగా సూపరింటెండెంటు ఎవరో పెద్దమనిషిని వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చాడు. సరిగ్గా మందుల వేళ. చిన్న సిస్టరు పచ్చ ఏప్రనులో బండి దగ్గర ఉంది.

"ఏమ్మా, ఇక్కడ ఖాళీ మంచాలెన్ని?" అనడిగాడు సూపరింటెండెంటు.

చిన్న సిస్టరు బండి ఆపింది. చెబితే చట్టం పోతుంది, దాంతోపాటు తనూ పోతుంది. చెప్పకపోతే పెద్దాయన ఊరుకోడు. ఆమె రేడియో వైపు చూసింది. రేడియో థర్మామీటరును గట్టిగా కరిచిపట్టి, కళ్ళతోనే "వద్దు" అంది.

"నిన్నేనమ్మా!"

"ష్," అంది మూల నేలకు తడిగుడ్డ పెడుతున్న ఆయమ్మ. అని, తానే హడలిపోయి గుడ్డతో నోరు మూసుకుంది.

"ష్," అంది ముసలమ్మ. "ష్, ష్," అన్నాయి మంచాలన్నీ. రేడియో కూడా అనబోయింది కానీ థర్మామీటరు అడ్డొచ్చింది.

సూపరింటెండెంటు మొహం కందగడ్డయింది. చిన్న సిస్టరు తల వంచుకుని, చేతిలోని మాత్రను మంచానికున్న పేరుతో సరిచూసి ఇచ్చింది, తర్వాతి మంచానికి కదిలింది.

అంతలో పెద్దమనిషి ఆయన చెవి దగ్గర ఏదో అడగబోయాడు.

"ష్," అన్నాడు సూపరింటెండెంటు.

బండి వార్డు చివరికి చేరేదాకా ఇద్దరూ బడిపిల్లల్లా నిలబడ్డారు. వెళ్తూ వెళ్తూ ఆయన రేడియో దగ్గర ఆగాడు. "జ్వరమేమీ లేదు కదా? ఇక తీసెయ్యండి. ఆ అమ్మాయి ఉంటుంది. మీ ఆయన్ని పై వార్డుకు కూడా ఇలాంటి ఏప్రన్ ఒకటి కుట్టమనండి."

రేడియో థర్మామీటరు తీసింది. ఇన్నాళ్ళుగా కడుపులో కుక్కుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. ఏప్రన్ విప్పి మడతపెడుతున్న చిన్న సిస్టరు భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మాయ్, ఆరోజు ఎక్కడ ఆపాను? ఆఁ, మా ఆడపడుచు తలుపేసింది కదూ..."

"అక్కా, ఒక్క నిమిషం," అంటూ చిన్న సిస్టరు గబగబా మడత విప్పి, ఏప్రన్ మళ్ళీ కట్టుకుంది.