నీళ్ళలో నాపరాయి

ఆ రాళ్ళే చేపలను చంపుతున్నాయని నాకు గురువారమే తెలుసు. ఆదివారం పొద్దున దాకా నాకు తెలియదనే మా ఇంట్లో అనుకుంటున్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

అక్వేరియం అంటే మాచర్లలో మాకు తెలిసింది హోటల్ కౌంటర్ పక్కన రంగు గులకరాళ్ళు, బుడగలు వదిలే ప్లాస్టిక్ బొమ్మ ఉండే గాజుతొట్టి. నేను చేయాలనుకున్నది అది కాదు. అడుగున మట్టి పరిచి, రాళ్ళతో చిన్న కొండ కట్టి, నీళ్ళలోనే బతికే మొక్కలు నాటి, చూసినవాళ్ళకు అదొక చోటు అనిపించేలా పెంచే తొట్టి. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని చెప్పి ఇంట్లో కూర్చున్న రోజులవి. ఫోన్‌లో వీడియోలు చూస్తూ మూడు నెలలు నోట్సు రాసుకున్నాను. నలుగురిలో నోరు విప్పలేని దాన్ని. తొట్టి ముందు కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు.

మా బోరు నీళ్ళు గిన్నె మీద ఆరితే తెల్లగా పొర కడతాయి. నేను తెచ్చుకోబోయే చిన్న చేపలకు అంత ఉప్పు నీళ్ళు పడవు. అందుకని తాగే క్యాన్ నీళ్ళు పోశాను. అమ్మ ఊరుకోలేదు.

"ఏమే, మనుషులు తాగే నీళ్ళు చేపలకి పోస్తన్నావా? రేపు ఇడ్లీ కూడా పెడతావా ఏంది వాటికి?"

నాన్న నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో ముప్పై ఏళ్ళుగా బండలు కోస్తున్నాడు. ఇంటికొచ్చి దుమ్ము కడుక్కుని, అన్నం తిని పడుకుంటాడు. నాతో ఆయన మాటలు "తిన్నావా", "ఫ్యాన్ ఆపు" దాటేవి కావు. అలాంటి మనిషి ఒక సాయంత్రం తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏందమ్మా ఇది? మధ్యలో ఖాళీగా వదిలేశావు?"

"అక్కడ కొండ రావాల నాన్నా. రాళ్ళు ఆన్‌లైన్లో తెప్పించుకోవాల."

"రాళ్ళా? మాచర్లలో కూర్చుని ఆన్‌లైన్లో రాళ్ళు కొంటావా? ఎవురన్నా వింటే నవ్వుతారే!"

మర్నాడు గోనెసంచిలో ఏడు రాళ్ళు తెచ్చాడు. కోతకు పనికిరాని ముక్కలు, బూడిదరంగువి, పొరలు పొరలుగా ఉన్నాయి. ఉలితో అంచులు చెక్కి, సాగర్ దారిలో కనిపించే గుట్టల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాడు. నేను వాటికి ఫెర్న్ మొక్కలను దారంతో కట్టాను. రెండు గంటలు ఇద్దరం ఒకే పని చేశాం. అలా జరగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

నాలుగు వారాలు ఆగి, నీళ్ళు కుదురుకున్నాయనుకున్నాక, గుంటూరు నుంచి పన్నెండు నియాన్ టెట్రాలు తెప్పించాను. వేలి గోరంత చేపలు, ఒంటి మీద నీలి గీత. మొక్కలు తొందరగా పెరగాలని ఒక సీసాలో పంచదార, ఈస్ట్ కలిపి, అది పులిసి వచ్చే గ్యాసును సన్న గొట్టంతో నీళ్ళలోకి వదిలాను. నోట్సులో ఉన్నవన్నీ చేశాను. రాళ్ళ గురించి నోట్సులో ఉన్న ఒక్క వాక్యం మాత్రం చదివి వదిలేశాను.

నాన్న యూనిట్‌లో అందరికీ చెప్పుకున్నాడు. షోరూంలో ఇలాంటిదొకటి పెట్టించవచ్చని వాళ్ళ యజమానికి ఆశ పుట్టించి, ఆదివారం చూడటానికి రమ్మని పిలిచాడు. "మన రాయి నీళ్ళలో ఎట్టుంటదో చూద్దురుగాని భాయ్" అని ఫోన్‌లో అంటుంటే ఆ గొంతులో ఉత్సాహం నాకు కొత్తగా అనిపించింది.

బుధవారం రెండు చేపలు చచ్చి తేలాయి. గురువారం మధ్యాహ్నం గ్లాసులోకి కాసిన్ని నీళ్ళు తీసి పరీక్ష మందు చుక్కలు వేస్తే, లేత ఆకుపచ్చగా ఉండాల్సిన నీళ్ళు నీలంగా మారాయి. నోట్సు తీసి ఆ వాక్యం మళ్ళీ చదివాను: పులుపు తగిలితే నురగొచ్చే రాయి తొట్టిలో పెట్టకూడదు. అమ్మ నిద్రపోతోంది. గోనెసంచిలో మిగిలిన రాతి ముక్క మీద నిమ్మకాయ పిండాను. సుయ్యిమని నురగ వచ్చింది. నమ్మలేక రెండో కాయ కోశాను. మళ్ళీ అంతే. రాయి సున్నపుది. సీసాలోంచి వచ్చే గ్యాసు నీళ్ళకు కొద్దిగా పులుపు తెస్తుంది, ఆ పులుపుకు రాయి కరుగుతోంది. క్యాన్ నీళ్ళు కాస్తా సున్నం కలిసి బోరు నీళ్ళకంటే అధ్వానమయ్యాయి. ముక్కను గోడ అవతలికి విసిరేశాను.

"రెండు నిమ్మకాయలు మాయమైనయ్యి" అంది అమ్మ సాయంత్రం. "నీ చేపలు పులిహోర అడిగినయ్యా ఏంది?"

నవ్వాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. రాళ్ళు తీస్తే ఆదివారానికి కొండ ఉండదు, మొక్కలు ఊడి తేలతాయి, పిలిచిన మనిషి ముందు నాన్న తలవంచుకుని నిలబడాలి. మూడు రోజులే కదా, ఆయన చూసి వెళ్ళాక తీద్దాం అనుకున్నాను. సీసా గొట్టం పీకేశాను. కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోశాను. అన్నీ ఒక్కసారిగా మారిస్తే ఆ దెబ్బకే చేపలు చస్తాయి.

శుక్రవారం రెండు పోయాయి. శనివారం మూడు. ఎవరూ చూడకుండా గరిటెతో తీసి మందారం కుండీలో పాతాను. శనివారం రాత్రి నాన్న అన్నం కంచం చేత్తో పట్టుకుని వచ్చి తొట్టి ముందు నిలబడ్డాడు.

"చేపలు తక్కువ కనపడతన్నయ్యేంది?"

"రాళ్ళ వెనకాల ఉన్నయ్ నాన్నా."

ఆయన వంగి చూశాడు. పక్కనుంచి చూశాడు. కంచం పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున ఐదే మిగిలాయి. వాటిలో ఒకటి నీటి పైకొచ్చి, పక్కకు ఒరిగి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని తడిగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. ఆ చేప ఆయన గుడ్డకు సరిగ్గా అద్దం అవతలే ఉంది.

"నాన్నా, రాళ్ళు తీసెయ్యాల."

"ఏంది?"

"నీళ్ళలో కరుగుతన్నయ్. చేపలు అందుకే చస్తన్నయ్. వెనకాల ఏం లేవు. ఏడు పోయినయ్."

ఆయన సీసా వైపు చూశాడు. "ఆ గ్యాసు పులుపా?"

"కొంచెం."

చేతిలో గుడ్డ కింద పెట్టాడు. "బండలు కొన్న ప్రతివోళ్ళకీ నేనే చెప్తా, చింతపండు రసం పడితే తుడుచుకోండి, లేకపోతే మచ్చ పడతదని. నీళ్ళలో పెట్టేటప్పుడు నాకది తట్టలా చూడు."

వంటింట్లోంచి కప్పులతో అమ్మ వచ్చింది. "ఆయన వచ్చే ఏళయింది. చూసి ఎళ్ళినాక తీసుకోండి. గంటలో ఏం మునుగుద్ది?"

మూడు రోజులుగా నాకు నేను చెప్పుకున్న మాట అది. నాన్న నా వైపు చూశాడు, నేను ఏమంటానో అన్నట్టు.

"గంట ఆగదు నాన్నా అది."

ఆయన ఫోన్ తీశాడు. "భాయ్, ఇయ్యాల రావద్దు. రాయి నీళ్ళకి పనికిరాదు. లేదు, పిల్లది కాదు, నేనే పెట్టా." అవతలి నవ్వు మాకు కూడా వినిపించింది. "ముప్పయ్యేళ్ళు రాయి కోసి, చేప చేత పాఠం చెప్పించుకున్నావా?" నాన్న మెడ ఎర్రబడింది. "అవును భాయ్" అని పెట్టేశాడు.

చొక్కా విప్పి, తొట్టిలో చేయి పెట్టాడు. ఒక్కో రాయీ తీస్తుంటే మట్టి లేచి నీళ్ళు మసకబారాయి. ఫెర్న్ ఆకులు పైకి తేలాయి. ఆరు రాళ్ళు బయటికొచ్చాయి. ఏడోది మూలన ఉంది, ఒరిగిన చేప దాని పక్కకు జారింది. నాన్న చేయి ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు నన్ను చూడకుండా.

"ఇప్పుడే."

ఆయన చేయి బయటికి తీసి, పంచెకు తుడుచుకుని పక్కకు జరిగాడు.

"నువ్వు తియ్యమ్మా అది. నా ఏళ్ళు లావు, చేపకి తగుల్తయ్."