చేత్తో తిప్పిన పంపు

మొన్న మా ఆఫీసులో కాఫీ మెషీన్ మొరాయించింది. హైటెక్ సిటీలో ఇంటర్నెట్ పోయినా జనం ఓర్చుకుంటారు గానీ, కాఫీ ఆగితే అంతస్తంతా ప్యాంట్రీ దగ్గరే. మెకానిక్ మూత తీస్తే నేనూ మెడ సాచి చూశాను. లోపల అగ్గిపెట్టెంత పంపు. వంపు తిరిగిన మెత్తటి గొట్టం, దాన్ని నొక్కుతూ తిరిగే రెండు చిన్న రోలర్లు. కాఫీ తాగకుండానే సీటుకి వచ్చేశాను.

అలాంటి పంపునే, కాస్త పెద్దదాన్ని, కూకట్‌పల్లిలోని ఒక డయాలసిస్ సెంటర్లో మా బావతో కలిసి మొదటిసారి చూశాను. బావ అంటే మా అక్క భర్త. నీటి సరఫరా శాఖలో పంపులతోనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి. ఎవరింటికి భోజనానికి పిలిచినా, ముందు వాళ్ళ మోటారు చప్పుడు విని "బేరింగు పోయింది" అని తేల్చిగానీ విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. అక్క తల పట్టుకునేది. అలాంటి ఆయనకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డయాలసిస్ మొదలుపెట్టకపోతే ఎక్కువ కాలం బతకడని డాక్టరు మాతో సూటిగానే చెప్పారు. బావ ససేమిరా అన్నాడు. "పంపంటే కారడం, తుప్పు, గ్రీజు. జన్మంతా అవే చూశాను. నా రక్తాన్ని అందులో పొయ్యనివ్వను" అని భీష్మించుకు కూర్చున్నాడు. అక్క ఏడ్చింది, అలిగింది, చివరికి "ఊరికే చూసొద్దాం రండి" అని బయల్దేరదీసింది. మెట్రో కింద ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడల్లా దిగిపోతాడేమోనని నాకు భయం.

సెంటర్లో టెక్నీషియన్ బాచుపల్లి అమ్మాయి. యంత్రానికి కొత్త గొట్టాలు తగిలించి, వాటిని సెలైన్‌తో నింపడానికి పంపు ఆన్ చేసింది. ఖాళీ గొట్టం మీద రోలర్లు తిరగడం చూసి బావ ఒక్క ఉదుటున లేచాడు.

"ఆపమ్మా, ఆపు! నీళ్ళు లేకుండా తిప్పుతున్నావ్, మోటారు కాలిపోద్ది!"

మంచాల మీదున్న వాళ్ళంతా హడలిపోయి తలలెత్తారు. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వాపుకొని, "ఏం కాలది సార్, జర ఫికర్ చెయ్యకుండ్రి. ఇది ఖాళీగ తిరిగినా ఏం గాదు. నీళ్ళను అదే గుంజుకుంటది" అంది.

"కాలదా?" బావ గొంతులో కోపం పోయింది. "మూత తియ్యి, చూస్తాను."

ఆ అమ్మాయి పంపు ఆపి, మూత తీసి, రోలర్లని మెల్లగా కదిపి చూపించింది. బావ కళ్ళజోడు సర్దుకుని వంగాడు. రోలరు గొట్టాన్ని ఒకచోట పూర్తిగా నొక్కేసి, అలాగే ముందుకు జరుగుతుంది. లోపలున్నది ముందుకు పోతుంది. నొక్కు వదిలిన గొట్టం మళ్ళీ ఉబ్బి వెనకనుంచి ఇంకాస్త లాక్కుంటుంది. ఒక రోలరు వదిలేలోగా రెండోది పట్టుకుంటుంది కాబట్టి వాల్వులు అక్కర్లేదు.

"ఒరేయ్, దీనికి సీలే లేదురా! ఇక కారేదేముంది? రక్తం గొట్టంలోనే ఉంటది, ఇనుముకి తగలదు. అరిగేది గొట్టమొక్కటే, దాన్ని మార్చేస్తే సరి" అన్నాడు నాతో. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు చూశాను.

కొత్త పంపుకి స్విచ్ వేసేముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూడటం ఆయన పద్ధతి. కరెంటు పోతే తిప్పడానికి ఆ యంత్రానికి ఒక పిడి ఉంటుంది. బావ అడిగితే ఆ అమ్మాయి గొట్టం నింపి, పిడి చేతికిచ్చింది. ఆయన తిప్పాడు. సెలైన్ ముందుకు కదిలింది. వెనక్కి తిప్పాడు. వెనక్కి వచ్చింది. పిడి తిరిగిచ్చి, పడుకుని చెయ్యి చాపాడు. "కానియ్యమ్మా." అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఒక చుట్టు తిప్పాకే పడుకునేవాడు. ఆ అమ్మాయి పిడి సిద్ధంగా ఉంచేది. అలా కొన్నేళ్ళు బతికాడు. పంపు ఒక్కసారీ మొరాయించలేదు, ఆయన గుండే నీరసించిపోయింది. చివరిసారి వేళ్ళకి పిడి పట్టు దొరకలేదు. అక్క ఆయన చేతి మీద తన చెయ్యి వేసి తిప్పింది.

"తిరిగిందా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"తిరిగిందండీ" అంది అక్క.

ఆ వారంలోనే పోయాడు.

ఆ పంపుని వెనక్కి తిప్పితే నీరు వెనక్కి వచ్చింది. కాలానికీ అలాంటి పిడి ఒకటుంటే, అక్క చేతికి ఎప్పుడో ఇచ్చి ఉండేవాణ్ణి.