చీటీలో రాయని తువ్వాలు

మొన్న పేపర్లో ఒక ఫొటో చూశాను. తిరువూరు అవతల జిల్లా సరిహద్దులో ఇటు పోలీసులూ అటు పోలీసులూ కలిసి లారీలు తనిఖీ చేస్తున్నారు. అందరూ యూనిఫాంలో, నవ్వుతూ. దీనికోసం పెద్దవాళ్లు రెండుసార్లు సమావేశమయ్యారట. డెబ్బైల్లో మా మావయ్య ఈ పని అరఠావు కాగితంతో కానిచ్చేవాడు.

మావయ్య ఆ చుట్టుపక్కల ఒక చిన్న పోలీస్ స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు. సరిహద్దు అవతలి హెడ్డు ఆయన స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు “బావగారూ” అనుకునేవారు. పక్క జిల్లాలోకి యూనిఫాంతో రావాలంటే పైనుంచి ఉత్తర్వు కావాలి. అది వచ్చేలోపు పగలాల్సిన తలలు పగిలిపోతాయి. అందుకని అవతలివాళ్లు సెలవుచీటీ రాసి, పెళ్లికి వెళ్తున్నట్టు పంచెలు కట్టుకుని సాయానికి వచ్చేవారు. మనవాళ్లని తెలియడానికి ఒక గుర్తు పెట్టుకునేవారు. పాతది ఊరంతా పాకిపోతుంది కాబట్టి ప్రతిసారీ కొత్తది.

ఒక ఎండాకాలం, నేను బి.ఏ. పరీక్షలు రాసి మావయ్య ఇంట్లో మామిడిపళ్లు తినే ఉద్యోగంలో ఉండగా, కాపు మీదున్న తోటనొకదాన్ని ఎవరో నరికించారు. అది ఒక ఆసామి పనేనని తోటవాళ్లు గొడ్డళ్లతో అతన్ని తరిమితే, వెళ్లి రైసుమిల్లులో దూరాడు. మావయ్య దగ్గర ముగ్గురే కానిస్టేబుళ్లు, అందులో ఒకాయనకి విరేచనాలు. ఫోను ఎప్పటిలాగే చచ్చి ఉంది.

“బస్సు కదులుతోందిరా, బావగారికి చీటీ రాసి డ్రైవరుకియ్యి. మిల్లు వెనకనుంచి రమ్మను. తలకి ఎర్ర తువ్వాళ్లు చుట్టుకోమను!” అంటూ మావయ్య పరిగెత్తాడు.

“మహాశయా, ఇచ్చట పరిస్థితి మిక్కిలి విషమించినది” అని మొదలుపెట్టాను. నాకే ముచ్చటేసింది. డ్రైవరు హారన్ కొడుతుంటే ముగించి, ఇచ్చేశాను.

తర్వాత నేనూ మిల్లుకి వెళ్లాను. ధైర్యంతో కాదు, ఇంట్లో ఒక్కణ్ణే ఉండాలంటే భయమేసి. తవుడు బస్తాల వెనక నుంచి చూసినవాటిలో కొన్ని ఇప్పటికీ అన్నం దగ్గర చెప్పను. ఒక కానిస్టేబులు దవడ చీలి పళ్లు బయటికి కనిపించాయి. ఎవరివో రెండు వేళ్లు తవుట్లో పడి ఉన్నాయి. ముందు తలుపు విరిగింది. మావయ్య నుదురు పగిలి, నెత్తురు కళ్లలోకి కారుతోంది.

అప్పుడు వెనక తలుపులోంచి కర్రలతో ఎనిమిదిమంది వచ్చారు. పంచెలున్నాయి. తువ్వాళ్లు లేవు. శత్రువులు చుట్టుముట్టారనుకుని మావయ్య లాఠీ రెండు చేతులా ఎత్తి ముందున్న మనిషిని కొట్టాడు. ఎండుకొమ్మ విరిగినట్టయింది.

“నేను బావగారూ!” అన్నాడు ఆ మనిషి, కిందపడి, కుడి మోచెయ్యి పట్టుకుని. “మర్యాదలు తర్వాత చేద్దురుగాని, తలుపు చూడండి.”

లేచి, ఎడంచేత్తో కర్ర తీసుకుని మావయ్య పక్కన నిలబడ్డాడు. పావుగంటకి జనం చెదిరారు. ఆసామి బతికాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎక్కడా గుర్తుపట్టలేదు.

మావయ్య బస్తా మీద కూలబడి ఏడుస్తూ అడిగాడు: “తువ్వాళ్లేవి బావగారూ?”

ఆయన నావైపు ఒక్కసారి చూశాడు. “తొందర్లో మర్చిపోయాం” అన్నాడు.

రికార్డుల్లో ఆయన సైకిలు మీంచి పడ్డాడు. ఆ చెయ్యి మళ్లీ సరిగ్గా లేవలేదు. రిటైరయ్యేదాకా, సెల్యూట్ వంకరగా ఉందని తనకంటే చిన్న ఆఫీసర్లచేత తిట్లు తిన్నాడు.

మావయ్య పెద్దకర్మనాడు ఆ బావగారు నన్ను పక్కకి పిలిచి, ఎడంచేత్తో ఆ చీటీ ఇచ్చాడు. “చాలా మంచి తెలుగు బాబూ” అన్నాడు. వెక్కిరింపేమీ లేదు.

అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. కాగితం పచ్చబడింది, సిరా వెలిసిపోయింది. రాసినవన్నీ ఏడాదికేడాది చెరిగిపోతున్నాయి గాని, రాయని ఒక్క మాట మాత్రం ఇంకా బాగా కనిపిస్తోంది.