అంకిత చెప్పని సగం

మా ఆవిడ చేసిన ఉప్మా ఒకసారి అంకితకు పెట్టాను. "జీడిపప్పు మంచిగుంది సార్, ఉప్మానే మంచిగ లేదు" అంది. స్టాఫ్ రూమంతా నవ్వింది, ఒక్క నేను తప్ప. ఆ పిల్ల తీరే అంత. దేన్నయినా సగం మెచ్చుకునేది, మిగతా సగం మొహమాటం లేకుండా చెప్పేది.

అది రెండువేల మూడో సంవత్సరం. మేడ్చల్ దారిలో ఉన్న ప్రైవేటు బడిలో నేను లెక్కల మాస్టర్ని, ఆమెది ఏడో తరగతి. వాళ్ల నాన్న ఇస్తారి శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు.

వార్షికోత్సవంలో ఒక పుస్తకం గురించి మాట్లాడమని తెలుగు టీచరు జానకీదేవి ఆమెకొక పిల్లల నవల ఇచ్చింది. చెరువు అడుగున రాజ్యం, గొడుగులు కుట్టే కప్ప, మీసాలకు నూనె రాసుకునే జెల్లచేప మంత్రి. అంకిత పగలబడి నవ్వుతూ చదివింది. సగం దాటాక నవ్వు ఆగిపోయింది. ఆ కథలో దుర్మార్గుడు ఒక్కడే. కంపు కొట్టే వలవాడు.

"కప్ప మస్తుగుంది టీచర్. గానీ వలోణ్ణి గట్ల రాసుడేంది? ఆయనకు పిల్లలున్నరో లేరో గూడ రాయలే. గది గూడ చెప్త."

"పెద్దవాళ్లొస్తారమ్మా. మొదటి సగం చాలదూ?"

"రెండు సగాలు నాయే గద టీచర్!"

జానకీదేవి చివరికి ఒప్పుకుంది.

ఆ రోజు ఇస్తారి ఇస్త్రీ చొక్కాతో, తడి గోనెసంచితో వచ్చాడు. వాళ్ల వాడలో పెద్దవాళ్ల దగ్గరికి ఉత్తచేతులతో పోరు. ఇచ్చే కొర్రమట్ట చేప ప్రాణంతో ఉండాలి, చచ్చిన చేప ఇస్తే అవమానించినట్టే. బిడ్డ మాట్లాడుతుందని ముందు వరసలోనే కూర్చున్నాడు. పక్కనున్న కరస్పాండెంటు ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

జెల్లచేప మంత్రిలా అంకిత నడిచి చూపిస్తే హాలంతా నవ్వింది. "ఇగ నాకు నచ్చనిది..." అని మొదలుపెట్టగానే ఇస్తారి కాళ్ల దగ్గర చేప సంచి ఎగిరిపడింది.

పుస్తకం అప్పటికే తరగతంతా తిరిగింది. "వలోడొచ్చిండురో! కంపు, కంపు!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. నవ్వులు ఇంకా పెరిగాయి. తన బిడ్డ మాటలకే నవ్వుతున్నారనుకుని ఇస్తారి అందరికంటే గట్టిగా నవ్వాడు.

అంకిత తండ్రిని చూసింది.

"నచ్చనిది ఏం లేదు" అని దండం పెట్టి దిగిపోయింది.

కొర్రమట్ట కరస్పాండెంటు కారెక్కింది. "తల పారెయ్యకు, పులుసుకు బాగుంటది" అని రుమాలు తియ్యకుండానే డ్రైవరుకు చెప్పాడు.

బస్టాపులో నేనూ వాళ్ల పక్కనే ఉన్నాను.

"మస్తు నవ్విచ్చినవ్ బిడ్డా! గా వలోడెవడే?"

"కథల ఉంటడు నాయినా."

"ఎట్లాంటోడు?"

"మంచోడే."

కొన్నాళ్లకు మళ్లీ ఉప్మా పెట్టాను. "మంచిగుంది సార్" అంది.

ఆ రోజు అందులో ఉప్పే లేదు.